కుంపటి మధ్య జానెడు చోటు

మా ఆయన పురికొస ఉండ పట్టుకుని పెరట్లోకి వచ్చాడంటే చలికాలం మొదలైనట్టే. కుంపటి తోమి రంగు వేయడానికి పురికొసతో పనేమిటని మీరు అడగొచ్చు. మొదట్లో నేనూ అడిగాను. ఇప్పుడు అడగను, ఓపిక చచ్చిపోయింది.

ముందు ఆ కుంపటి సంగతి చెప్పాలి. ఆరుబయట చలి కాచుకునే ఇనుప కుంపటి అది. చుట్టూ పదిమంది కుర్చీలు వేసుకున్నా ఇరుకనిపించనంత పెద్దది. మా మామగారు లారీల షెడ్డులో పనిచేసేటప్పుడు ఒక పాత ట్యాంకు అడుగు కోసి, దానికి మూడు కాళ్లు అతికించి తన చేత్తో తయారుచేశారట. ఆయన పోయాక అన్నదమ్ములిద్దరూ ఇల్లు చెరిసగం చేసుకున్నారు. ఎందుకు విడిపోయారని అడిగితే ఇద్దరూ రెండు కథలు చెబుతారు. ఏ కథలోనూ పొట్లాటకి సరిపడా సరుకు లేదు. కానీ పంపకాలు మాత్రం ఘనంగా జరిగాయి. గిన్నెలు పంచుకున్నారు, మంచాలు పంచుకున్నారు, ఆఖరికి పెరట్లో బట్టలారేసే తీగ కూడా మధ్యకి తెంపి చెరో ముక్క పట్టుకుపోయారు. రెండు ముక్కల మీదా దుప్పటి పట్టదు.

పెరటి మధ్యలో గోడ కడదామనుకున్నప్పుడు కుంపటి అడ్డం వచ్చింది. సరిగ్గా గీత మీద ఉంది అది. నాదంటే నాదని ఇద్దరూ పట్టుబట్టారు. అప్పుడు మా అత్తగారు కుర్చీ తెచ్చుకుని కుంపటి పక్కన వేసుకుని కూర్చుంది. "గోడ కట్టుకోండి, మీ ఖర్మ. ఇది మాత్రం ఇక్కడి నుంచి కదలదు, నేనూ కదలను" అంది. మేస్త్రీ ఏం చేస్తాడు పాపం? గోడని కుంపటి దాకా తెచ్చి ఆపి, కుంపటి పక్కన ఒక మనిషి పట్టే సందు వదిలి, అవతల మళ్లీ మొదలుపెట్టాడు. సందుకి ఈ పక్క గోడ ఖర్చు మాది, ఆ పక్కది బావగారిది. ఇప్పటికీ అలాగే ఉంది. మా గోడ మధ్యలో ఒక సందు, సందులో కుంపటి, కుంపటి పక్కన అత్తగారి కుర్చీ.

ఇక కుంపటి పంపకం. బావగారి సగానికి ఆయన నల్లరంగు వేస్తారు. మా సగానికి మా ఆయన వెండిరంగు వేస్తాడు. కొత్తగా చూసినవాళ్లు ఇదేదో ఫ్యాషన్ కాబోలనుకుంటారు. మొదటి ఏడాది మా వెండిరంగు రెండు వేళ్ల మేర అటు పోయిందని పెద్ద రభస జరిగింది. అప్పటినుంచి మా ఆయన పురికొస కట్టి, సుద్దముక్కతో గీత గీసి, గీతకి ఇవతల ఆరు వేళ్లు వదిలి మరీ తోముతాడు. బావగారూ తక్కువ తినలేదు, అవతల ఆరు వేళ్లు వదులుతారు. అలా మధ్యలో జానెడు చోటు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఎవరికీ చెందకుండా మిగిలిపోయింది. ఆ జానెడూ బూడిదరంగులో ఉండేది. ఇద్దరి రంగులూ పాకి కలిసిపోయి అలా అయిందని అందరం అనుకునేవాళ్లం. "చూడు, వాడి నలుపు ఇటెలా పాకుతోందో" అని మా ఆయన ఏటేటా నాకు చూపించేవాడు. గోడవతల బావగారు అక్కకి ఇదే మాట వెండిరంగు గురించి చెప్పేవారట.

అక్క అంటే మా తోడికోడలు. ఆమె గురించి చెప్పకపోతే నా బాధ మీకు అర్థం కాదు.

నాకు తోబుట్టువులు లేరు. ఈ ఇంటికి వచ్చాక అక్కే అన్నీ అయింది. నాకు జ్వరమొస్తే తెలిసేది ఆమెకే, కోపమొస్తే తెలిసేదీ ఆమెకే. ఆమె గనక లేకపోతే ఈపాటికి మా ఇద్దరిలో ఎవరో ఒకరు బతికుండేవాళ్లం కాదు, మా ఆయనో నేనో. మా అమ్మాయి రోజూ జడ వేయించుకునేది కూడా ఆమె దగ్గరే. ఇదంతా ఆ సందులోంచే జరిగేది. ఎందుకంటే ఈ అన్నదమ్ములు పెట్టుకున్న రూలు ఒకటుంది. వాళ్ల వీధి గుమ్మంలోంచి లోపలికెళ్తే అది 'వాళ్లింటికి వెళ్లడం'. పిలుపు ఉండాలి, కారణం ఉండాలి, తిరిగొచ్చాక మా ఆయన మొహం చూడాలి. అదే పెరట్లో కుంపటి దగ్గరికి వెళ్తే అది ఎక్కడికీ వెళ్లినట్టు కాదు. అక్కా అంతే, కుంపటి దగ్గరికి వస్తుంది, మా ఇంటికి రాదు. ఇలాంటి రూలు కనిపెట్టిన బుర్రలకి దండం పెట్టాలి.

చలికాలం సాయంత్రాలు మాత్రం అందరం కుంపటి చుట్టూ చేరేవాళ్లం. వాళ్లు వాళ్ల వైపు, మేం మా వైపు. అన్నదమ్ములకి మాటల్లేవు కదా, అన్నీ అత్తగారి మీదుగానే.

"అమ్మా, ఆ కట్టె కాస్త అటు తొయ్యమను, పొగ నా మీదకొస్తోంది" అనేవారు బావగారు.

"ఏరా, విన్నావుగా" అనేది అత్తగారు.

"గాలి వాడి వైపుంటే నేనేం చెయ్యనమ్మా, చెప్పు వాడికి" అనేవాడు మా ఆయన. ఇద్దరికీ మధ్య దూరం రెండు బారలు కూడా ఉండదు.

పోయిన చలికాలం వెళ్తూ వెళ్తూ మా అత్తగారిని తీసుకుపోయింది. ఆ తర్వాత ఎండలొచ్చాయి, వానలొచ్చాయి. కుంపటి మీద ఎప్పుడూ కప్పే పాత టార్పాలిన్ ఆవిడ ఎక్కడ పెట్టేదో ఎవరికీ తెలియలేదు. మా ఆయన ఒక ప్లాస్టిక్ షీట్ తెచ్చి మా సగం కప్పాడు. బావగారు ఇంకో షీట్ తెచ్చి వాళ్ల సగం కప్పారు. రెండు షీట్లూ ఒకదాన్నొకటి తాకకుండా ఎంత పద్ధతిగా కప్పారో! మధ్యలో సందులోంచి వానంతా కుంపట్లోకి పోతుంటే నేను కిటికీలోంచి చూసి చెప్పాను కూడా.

"మన వైపు తడవట్లేదు కదా" అన్నాడు మా ఆయన.

నా మొహం. అంతకన్నా ఏం చెప్పగలను?

ఇక మొన్న ఆదివారం. పొద్దున్నే కాఫీ అయినా తాగకుండా పురికొస పట్టుకుని దిగాడు. పది నిమిషాలకొకసారి కేక. "వైరు బ్రష్షేది?" చేతిలోనే ఉంది. "గరుకు కాగితం తెచ్చావా?" ఆయన జేబులోనే ఉంది. "వేడికి ఊడని రంగు తెమ్మన్నాను, ఇది అదేనా?" తెచ్చింది ఆయనే. ఫోన్లో ఎవరో కుంపటికి రంగు వేసే వీడియో పెట్టుకుని, సగం చూడటం, ఆపడం, మళ్లీ మొదటినుంచి చూడటం. ఆ వీడియోలో వాడికి కుంపటి మొత్తం ఉంది మరి, సగం తోమడం ఎలాగో వాడెందుకు చెబుతాడు?

"ముందు బూడిదంతా తీసెయ్యాలండీ. తీసి సబ్బునీళ్లతో కడిగి, ఎండబెట్టి, అప్పుడు తోమాలి" అన్నాను.

"తీస్తున్నాను కదా, మన బూడిద."

"మన బూడిదేమిటండీ? బూడిదకి కూడా పంపకాలా?"

"నువ్వు ఊరుకో. గీత దాటితే మళ్లీ మాటొస్తుంది."

అటు బావగారు కూడా దిగారు. ఆయనది ఇంకో రకం. డ్రిల్లు మిషనుకి గుండ్రటి తీగల బ్రష్షు తగిలించుకుని బర్రుమనిపిస్తుంటే పక్క వీధిలో కుక్కలు కూడా మొరిగాయి. మా ఆయన చేత్తో రుద్దుతున్నాడు, ఆయన మిషనుతో రుద్దుతున్నారు. ఈయన ఆపితే ఆయన ఆపుతారు, ఈయన మొదలుపెడితే ఆయన మొదలుపెడతారు. మధ్యలో మా అత్తగారు లేదు కాబట్టి మాటలు పంపడానికి ఇప్పుడు మేం దొరికాం.

"మీ మరిదికి చెప్పు, దారం వంకరగా కట్టాడని" అన్నారు బావగారు అక్కతో.

"మీ బావగారికి చెప్పు, ఆ మిషను దుమ్మంతా మన వెండిరంగు డబ్బాలో పడుతోందని" అన్నాడు మా ఆయన నాతో.

అక్క నా వైపు చూసింది. నేను అక్క వైపు చూశాను. ఇద్దరం నోరు విప్పలేదు. అవసరం కూడా లేదు, వాళ్లకి చెవులున్నాయి.

రెండు వైపులా బూడిద తీసేశాక మధ్యలో జానెడు వెడల్పున తడి బూడిద గట్టులా నిలబడిపోయింది. వానలన్నీ తాగి గట్టిపడింది. ఎవరూ దాని జోలికి పోరు. ఇద్దరూ దానికి అటూ ఇటూ మెరిపించేస్తున్నారు, అది మాత్రం చచ్చిన పాములా అలా పడి ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. మొక్కల దగ్గరున్న చిన్న గునపం తీసుకుని వెళ్లి ఆ గట్టులో ఒక్క పోటు పొడిచాను.

గునపం బూడిదలోంచి, ఇనుములోంచి, కింద మట్టిలోకి దిగిపోయింది.

బయటికి లాగితే తుప్పు రేకులు రాలాయి. బావగారు మిషను ఆపేశారు. మా ఆయన వంగి చూశాడు. బూడిద కాస్త తోసి చూస్తే అడుగునంతా చిల్లులు, ఒక వరసలో, సరిగ్గా ఆ జానెడు మేరా. అటు నలుపు భాగం గట్టిగా ఉంది, ఇటు వెండి భాగం గట్టిగా ఉంది. మధ్యలో మాత్రం వేలు పెడితే విరిగిపోయేలా ఉంది.

అప్పుడు, ఇన్నేళ్లలో మొదటిసారి అన్నదమ్ములిద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది.

"ఇంక పనికిరాదు. పాత ఇనుము వాడికి ఇచ్చేద్దాం" అన్నాడు మా ఆయన నాతో.

"తీయించెయ్యమను. తీయించేసి ఆ సందు కట్టించెయ్యమను. నాలుగు వరసల ఇటుకలు, పూటలో అయిపోతుంది" అన్నారు బావగారు అక్కతో.

"అవును, మేస్త్రీకి ఇప్పుడే ఫోన్ చేస్తాను. ఈ గొడవ ఒక్కసారిగా వదిలిపోతుంది" అంటూ మా ఆయన ఫోన్ తీశాడు. తీసి, అక్కడే నిలబడి, నా కళ్లముందే మేస్త్రీతో మాట్లాడేశాడు. సాయంత్రం వచ్చి కొలతలు చూసుకుంటానన్నాడట.

అక్క చేతిలో నీళ్ల చెంబు అలాగే ఉండిపోయింది. సందు కట్టేస్తే ఇంకేముంది? ఆమె గుమ్మం ఆమెది, నా గుమ్మం నాది. ఏడాదికి ఒకసారి పిలుపులు, కుర్చీ చివర కూర్చుని కాఫీ తాగి లేచి రావడాలు. మా అమ్మాయి జడ నేనే వేయాలి, నాకు సరిగ్గా రాదు. నా కోపం ఎవరికి చెప్పుకోవాలి? ఆమె మోకాలి నొప్పి ఎవరికి చెప్పుకుంటుంది? కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడిస్తే ఏడ్చాననుకుంటారని ఇంకా కోపం వచ్చింది.

"ఇన్నేళ్లూ బాగానే ఉందిగా, ఈ ఏడే ఇలా అయిందేమిటో" అన్నాడు మా ఆయన తల గోక్కుంటూ. అని, అంతలోనే, "చేతులు తుడుచుకోవడానికి పాత గుడ్డేదైనా పట్రా" అన్నాడు.

గుడ్డ కావాలట! ఇల్లు తగలబడుతున్నా ఆయనకి గుడ్డ కావాలి.

విసవిసా లోపలికి వెళ్లాను. అత్తగారు నెల ఇక్కడా నెల అక్కడా ఉండేది. పోయింది మా ఇంట్లో కాబట్టి ఆవిడ రేకుపెట్టె మా అటక మీద ఉండిపోయింది. అందులో పాత నూలు గుడ్డలుంటాయని తెలుసు. స్టూలెక్కి, పెట్టె కిందికి లాగి, మూత తీశాను. పైన మడతపెట్టి టార్పాలిన్ ఉంది. వానాకాలమంతా వెతికిన టార్పాలిన్. దాని కింద గుడ్డలు. ప్రతి గుడ్డకీ బూడిదరంగు మరకలు. గుడ్డల కింద ఒక పాత పౌడరు డబ్బా, మూత బిగుసుకుపోయి ఉంది. చెంచాతో తెరిచాను.

డబ్బా అడుగున బూడిదరంగు ఎండిపోయి ఉంది. అందులో అరిగిపోయిన పళ్ల బ్రష్షు, చిన్న చిన్న గరుకు కాగితం ముక్కలు. పక్కన మూతలున్న రెండు చిన్న సీసాలు, మందు సీసాలు. ఒకదానిలో నల్లరంగు అడుగంటి ఉంది. రెండోదానిలో వెండిరంగు.

సీసాలు రెండూ వెలుతురులో పెట్టి చూశాను.

ఏటేటా వీళ్లిద్దరూ రంగులు వేసి, డబ్బాలు మూసి, ఎవరింట్లోకి వాళ్లు వెళ్లిపోయాక, ఆవిడ రెండిళ్ల నుంచీ కాస్త కాస్త రంగు వంపుకుని, కలుపుకుని, పళ్ల బ్రష్షుతో ఆ జానెడు చోటూ తోమి రంగు వేసేదన్నమాట. పైనా, కిందా, అంచుల దగ్గరా. మేం ఆవిడ కుంపటి దగ్గర కూర్చుని కునుకు తీస్తోందనుకునేవాళ్లం. ఆవిడ కుర్చీ ఎప్పుడూ కుంపటికి అంత దగ్గరగా ఎందుకుండేదో ఒక్కసారైనా అడిగానా? రంగులు పాకి కలిశాయట! రంగులకి కాళ్లున్నాయా? అంతమంది ఉన్నాం, ఒక్కళ్లకీ తట్టలేదు. ఆవిడ మీద ప్రేమ, ఆ ఇద్దరి మీద కోపం, అన్నీ ఒకేసారి ముంచుకొచ్చాయి.

ఆ డబ్బా, సీసాలు, గుడ్డలు అన్నీ ఒళ్లో వేసుకుని పెరట్లోకి వచ్చి కుంపటి అంచు మీద టప్పున పెట్టాను.

"ఇదుగో గుడ్డ. తుడుచుకోండి."

మా ఆయన చూశాడు. బావగారు కుంపటి అవతల నుంచి మెడ చాచి చూశారు. అక్క పౌడరు డబ్బా చేతిలోకి తీసుకుని, లోపలి రంగు చూసి, కుంపటి అంచు మీద మిగిలున్న బూడిదరంగు చూసి, "అయ్యో అత్తయ్యా" అంది.

"ఈ ఏడే ఎందుకిలా అయిందని అడిగారుగా?" అన్నాను. "ఇన్నేళ్లూ ఈ మధ్య భాగం చూసుకున్న మనిషి ఈ ఏడు లేదు, అందుకు. మీ ఇద్దరూ గీతలు గీసుకుని మెరుగులు పెడుతుంటే, కళ్లు సరిగ్గా కనపడని ముసలావిడ పళ్ల బ్రష్షుతో తోమింది. పిలవండి మేస్త్రీని! కట్టించెయ్యండి!"

మా ఆయన ఆ పళ్ల బ్రష్షు తీసి తిప్పి తిప్పి చూశాడు.

"ఇది నా బ్రష్షే. అప్పట్లో పోయిందని ఇల్లంతా వెతికాను" అన్నాడు.

ఆ క్షణాన నా చేతిలో గునపం లేకపోవడం ఆయన అదృష్టం.

బావగారు మిషను వైరు చుట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. వాళ్ల తలుపు పడింది. మా ఆయన కూడా బ్రష్షు అక్కడే పెట్టి, చేతులు దేనికీ తుడుచుకోకుండా, లోపలికి వెళ్లి పడుకున్నాడు. ఇదీ మా మగవాళ్ల పద్ధతి. పని మధ్యలో వదిలి పడుకుంటారు.

నేనూ అక్కా మిగిలాం.

"ఏం చేద్దామే?" అంది అక్క.

"ఏముంది చేసేది? తోముదాం. ఇచ్చేసే కుంపటే అయినా శుభ్రంగా ఇద్దాం" అన్నాను.

తోమాం. మధ్య బూడిదంతా గోకి తీశాం. తుప్పు రేకులు ఊడిపోయేదాకా రుద్దాం. సబ్బునీళ్లతో కడిగి, గుడ్డలతో తుడిచి, ఎండకి వదిలేశాం. దారం తెంపి పారేశాను, సుద్దగీత కడుక్కుపోయింది. చిల్లులు మాత్రం చిల్లులే కదా, అడుగునుంచి నేల కనబడుతోంది. అక్క నడుం మీద చెయ్యి వేసుకుని కాసేపు చూసింది. చూసి లోపలికి వెళ్లి ఒక పెద్ద ఇనుప పెనం తెచ్చింది. అత్తగారి పెనం అది, బరువుకి ఎవరూ వాడక వాళ్ల వాటాలో మూల పడి ఉంది. కుంపటి అడుగున చిల్లుల మీద బోర్లించింది. కొలిచి చేసినట్టు కూర్చుంది. నిప్పులు దాని మీద ఉంటాయి, నీళ్లు పడితే కిందనుంచి పోతాయి.

"బాగుందే!" అన్నాను.

"బాగుంటే మాత్రం? మేస్త్రీ వస్తాడుగా" అంది అక్క.

ఆ మాటతో ఇద్దరికీ నీరసం వచ్చింది. ఆమె మెట్టు మీద ఆమె, నా మెట్టు మీద నేను కూర్చున్నాం.

ఎండ దిగుతుండగా వాళ్ల తలుపు తెరుచుకుంది. బావగారు నల్లరంగు డబ్బా పట్టుకుని వచ్చారు. నన్ను చూడలేదు, అక్కనీ చూడలేదు. తిన్నగా సందులోకి వచ్చి, అత్తగారి కుర్చీ పక్కకి జరిపి, నేల మీద చతికిలబడి, ఆ అరిగిపోయిన పళ్ల బ్రష్షు నల్లరంగులో ముంచి కుంపటి మధ్య అంచుకి పూయడం మొదలుపెట్టారు. ఆయన పెద్ద చేతిలో ఆ బ్రష్షు పుల్లలా ఉంది.

లోపలినుంచి మా ఆయన కేక. "చూశావా! మధ్యలో కూర్చున్నాడు చూశావా! నల్లరంగు పూస్తున్నాడు!"

అయిపోయింది అనుకున్నాను. ఇంక తాడో పేడో తేలిపోతుంది. మా ఆయన వెండిరంగు డబ్బా పట్టుకుని చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చాడు. వచ్చి నా పక్కన ఆగి, అటు వేలు చూపిస్తూ అన్నాడు:

"మీ బావగారికి చెప్పు, అక్కడ వేసేది నలుపు కాదని. అమ్మ రెండూ కలిపి వేసేదని చెప్పు."

నాకు ఎక్కడ లేని విసుగూ పొంగుకొచ్చింది.

"నేను చెప్పను. మీ నోరేమైంది?"

"అది కాదు, నువ్వు చెప్పు…"

"చెప్పనంటే చెప్పను. మీ అమ్మ మోసినన్నాళ్లు మీ మాటలు నేను మొయ్యలేను. చెప్పుకుంటే చెప్పుకోండి, లేకపోతే లోపలికెళ్లి పడుకోండి."

బావగారు అక్క వైపు చూశారు. అక్క మొహం అటు తిప్పుకుని జడ అల్లుకోసాగింది. బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది, మా బంగారం.

మా ఆయన ఒక కాలు మీద నుంచి ఇంకో కాలు మీదికి మారాడు. దగ్గాడు. కుంపటి దగ్గరికి వెళ్లాడు. ఆయన గొంతు ఎప్పుడూ వినంత చిన్నగా వచ్చింది.

"ఇటివ్వు ఆ బ్రష్షు."

బావగారు తలెత్తలేదు. "ఇవ్వను."

"అది నా బ్రష్షు."

"నీదైతే పళ్లు తోముకో, పో."

"నలుపు ఒక్కటే వేస్తే ఎలా? ఇందులో కలపాలి. చూడు, అమ్మ ఎలా వేసిందో చూడు."

"కళ్లున్నాయి నాకు. నీ డబ్బా ఇటు తే."

"నేను కలుపుతాను. నువ్వు ఎక్కువ వంపేస్తావు."

"నువ్వు వంపితే నీళ్లలా ఉంటుంది. ఇటివ్వరా!"

ఆ 'రా' విని అక్క అల్లుతున్న జడ వదిలేసింది. ఇంటికి గోడ కట్టిన తర్వాత ఆ అన్న ఆ తమ్ముణ్ణి అలా పిలవడం అదే మొదటిసారి. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా ఆయన అన్నగారి పక్కన చతికిలబడ్డాడు. అత్తగారి పౌడరు డబ్బాలో ఇద్దరూ రంగు పోశారు. నలుపు ఎక్కువైందని ఈయన, వెండి చిక్కబడిందని ఆయన. ఆరినాక రంగు మారుతుందని ఒకరు, మారదని ఒకరు. ఉన్నది ఒక్క బ్రష్షు, అది పట్టుకుని లాక్కోవడం. ఇన్నేళ్లూ ఎవరూ ముట్టుకోని జానెడు చోటు కోసం ఇప్పుడు ఇద్దరూ మోచేతులతో తోసుకుంటున్నారు. నా తల ప్రాణం తోకకొచ్చింది.

సరిగ్గా అప్పుడే మేస్త్రీ వచ్చాడు. చేతిలో టేపు, భుజం మీద తాపీ సంచి. గోడకి ఈ చివరా ఆ చివరా చూసి, "ఈ సందేనాండీ కట్టాల్సింది?" అన్నాడు.

"ఏ సందు?" అన్నారు ఇద్దరూ ఒకేసారి, ఒకే గొంతుతో.

"కట్టాలని పొద్దున ఫోన్ చేశారు కదండీ."

"ఎవరు చేశారు?" అన్నారు బావగారు బ్రష్షు ఆపి, పొద్దున కట్టించమన్నది తాను కానట్టు. ఆ గొంతులో కోపం చూసి మా ఆయనకి మొహంలో నెత్తురు చుక్క లేదు. నెమ్మదిగా నా వైపు తిరిగాడు.

"నువ్వు గానీ చేశావా?" అన్నాడు.

నేనా! నా కళ్లముందు ఫోన్ చేసిన మనిషి! నోటి చివరిదాకా వచ్చింది. నాలుగు వీధులు వినేలా అందామనుకున్నాను. అప్పుడు ఆయన మొహం చూశాను. ముక్కు మీద బూడిదరంగు, భుజానికి భుజం ఆనుకుని అన్నగారు. కళ్లతోనే నన్ను బతిమాలుతున్నాడు. పళ్లు బిగబట్టి మింగేశాను. ఎన్ని మింగలేదు కనుక.

"అవును, నేనే చేశాను" అన్నాను. "కట్టడానికి కాదు, పడగొట్టడానికి. ఆ సందు మరీ ఇరుకుగా ఉంది, ఒక్క కుర్చీయే పడుతోంది. కాస్త వెడల్పు చెయ్యాలి."

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మేస్త్రీ బుర్ర గోక్కున్నాడు. "సరేనమ్మా. ఎటువైపు గోడ తియ్యమంటారు?"

"మా వాటా గోడ తియ్యి" అన్నారు బావగారు.

"వాళ్ల వాటా ఎందుకు? మా వాటా తియ్యి" అన్నాడు మా ఆయన.

"నేను ముందు చెప్పానా లేదా?"

"నువ్వు ముందు చెబితే అయిపోయిందా? మా ఇంటావిడ పిలిచింది వాణ్ణి!"

మళ్లీ మొదలైంది. మేస్త్రీ టేపు పట్టుకుని నా వైపు చూశాడు. కాసేపు కూర్చో నాయనా, కాఫీ తెస్తానని చెప్పి నేను లోపలికి వెళ్లాను.